పోలికల పంపకం

మొన్న మా పక్క ఫ్లాటు వాళ్ళ కోడలు మూడో నెల బిడ్డతో పుట్టింటి నుంచి వస్తే చూడ్డానికి వెళ్ళాను. అప్పటికే నలుగురు ఆడవాళ్ళు మంచం చుట్టూ చేరి పోలికలు చెబుతున్నారు. ముక్కు నాన్నదని ఒకరు, కాదు తాతదని ఒకరు. చెవులు ఎవరివో ఎవరికీ తేలలేదు. ఒక్కరి మాటలోనూ పట్టు లేదు. "అలా అనిపిస్తోందండీ" అంటున్నారు. అనిపించడమేమిటి? మా వదిన ఉంటే ఈ పని ఇంత నాసిగా జరిగేది కాదు. ఆవిడ బిడ్డ గడ్డం రెండు వేళ్ళతో పట్టుకుని, వంకాయ పుచ్చో కాదో చూసినట్టు కిటికీ వెలుతురుకేసి అటూ ఇటూ తిప్పి వదిలేసరికి, ఆ ఒంట్లో ఏది ఎవరి నుంచి వచ్చిందో తేలిపోయేది. ఆ తీర్పు మీద అప్పీలు లేదు.

మా వదినంటే మా ఆయన అక్క. నా కూతురు సుజాతని తన కొడుక్కి చేసుకుంది కాబట్టి నాకు వియ్యపురాలు కూడా. మా కుటుంబాల్లో మేనరికాలు మామూలే. ఆ మాటకొస్తే పెళ్ళికి ముందు నేనూ వాళ్ళకి దూరపు చుట్టాన్నే. కూచిపూడి దగ్గర వాళ్ళ ఊరికీ మా ఊరికీ మధ్య ఒక్క కాలవే అడ్డం. కానీ మా వదిన దృష్టిలో ఆ కాలవ సముద్రమంత వెడల్పు. అటు పక్క "మా వైపు", ఇటు పక్క "మీ వైపు".

సుజాత తండ్రి ఆవిడ తోడబుట్టిన తమ్ముడు. అంటే సుజాత ఒంట్లో సగం ఆవిడ పుట్టిల్లే. ఈ సంగతి ఆవిడకి తెలియక కాదు. మంచిదంతా ఆ సగం నుంచి వచ్చేది, చెడ్డదంతా నా సగం నుంచి వచ్చేది. సుజాత పదో తరగతిలో మంచి మార్కులు తెచ్చుకుంటే "మేనత్త పోలిక". చారులో ఉప్పెక్కువైతే "నీ పోలికే". ఒకే పిల్ల పొద్దున ఆవిడదీ మధ్యాహ్నం నాదీ అయ్యేది.

తన సంగతికొస్తే ఇంకా బాగుండేది. ఆవిడకి నలభై దాటగానే సుగరు వచ్చింది. వాళ్ళ నాన్నకీ ఉండేది, పెదనాన్నకీ ఉండేది. "మా వంశంలో సుగరు లేదు. ఇది అత్తగారింటి తిండి వల్ల వచ్చింది" అనేది. వాళ్ళ నాన్న చివరి రోజుల్లో కన్నకూతుర్నే "ఎవరమ్మా నువ్వు, ఎవరింటికొచ్చావు?" అని అడిగాడు. అక్కడే ఉన్న నేను నోరు జారి "మామయ్యగారికి మతిమరుపు ముదిరినట్టుంది" అన్నాను.

"మతిమరుపేంటే? మా నాన్నకి అన్నీ గుర్తే. పట్టించుకోవడం మానేశాడంతే" అంది.

సుజాతకి ఆడపిల్ల పుట్టింది. చిన్ని అని పిలిచేవాళ్ళం. బారసాల నాడు వదిన పిల్లని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి గడ్డం పట్టుకుంది. అందరం ఊపిరి బిగబట్టాం. చిన్ని పాలమీగడలా ఉంది. తలమీద జుట్టు నల్లగా లేదు, మొక్కజొన్న పీచులా ఉంది. మా ఇద్దరి ఇళ్ళలో అలాంటి రంగు నేనెక్కడా చూడలేదు. వదిన మాత్రం చూసింది.

"అచ్చం మా నాయనమ్మ! ఆవిడా ఇంతే, గుమ్మం దాటితే ఎండకి కందిపోయేది. ఇది మా పుట్టింటి ఛాయ. మూడు తరాలు ఆగి మళ్ళీ వచ్చింది."

నాయనమ్మ ఫోటో లేదు, వదిన తప్ప చూసినవాళ్ళెవరూ బతికి లేరు. అయినా ఆ సాయంత్రానికి చిన్ని ఫోటో చుట్టాలందరి ఫోన్లకీ చేరింది. కింద "మా పుట్టింటి ఛాయ" అని రాయించింది. సుజాతది చామనఛాయ, నాది నలుపు. పిల్లని ఎత్తుకుంటే వదిన నా చేతినీ పిల్ల చేతినీ పక్కపక్కన చూసి నవ్వేది. "దించవే, అంటుకుంటుంది" అనేది. అందరూ నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేదాన్ని. ఏం చేస్తాను?

ఆరో నెలకి చిన్ని బోర్లా పడలేదు. ఎనిమిదో నెలకి మెడ నిలబడ్డా నడుం నిలబడలేదు. పిలిస్తే తిరిగి చూడదు. ఒంటి మీద ఎర్రటి దద్దుర్లు. పక్కబట్టలు ఎన్నిసార్లు ఉతికినా ఎలకలు తిరిగిన గదిలో వచ్చే వాసన. ఇంతవరకూ ఛాయ చుట్టూ తిరిగిన వదిన ఇప్పుడు మిగతా పిల్లని నాకు పంచిపెట్టింది.

"ఇది అమ్మమ్మ పోలిక. నిదానం. అక్షరమ్ముక్క రాని రక్తం, ఏదీ తొందరగా అందుకోదు."

నాకు యాభై ఏళ్ళు దాటాక ఆ ఏడాదే మా కాలనీ మహిళా సంఘంలో సాయంత్రం క్లాసుకి వెళ్ళి గుణింతాలు దిద్దుతున్నాను. నన్ను చిన్నప్పుడు బడికి పంపలేదు కాబట్టి నాకు చదువు రాలేదు. అది రక్తంలో ఉంటుందని ఆవిడ చెప్పేదాకా నాకు తెలియదు. వాసన గురించి కూడా ఆవిడ దగ్గర సమాధానం ఉంది. "తల్లికి ఉతకడం నేర్పలేదుగా నువ్వు" అంది.

పదకొండో నెలలో బెంజ్ సర్కిల్ దగ్గర ఒక పిల్లల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాం. ఆవిడ రక్తం తీసి ఎక్కడికో పంపించింది. పది రోజుల తర్వాత మళ్ళీ రమ్మంది. సుజాత, అల్లుడు, వదిన, నేను నలుగురం వెళ్ళాం. డాక్టరమ్మ చిన్ని జుట్టు నిమిరి, "మొదట్నుంచీ ఇదే రంగాండీ?" అని అడిగింది.

ఎవరూ నోరు తెరవకముందే వదిన, "మొదట్నుంచీ అంతేనండీ. మా పుట్టింటి ఛాయ" అంది.

"కాదండీ. అది కూడా జబ్బులో భాగమే."

ఆ తర్వాత డాక్టరమ్మ కాగితం మీద గీసి ఓపిగ్గా చెప్పింది. పాలు, పప్పు, చేప, గుడ్డు, వీటన్నిట్లో ఒక పదార్థం ఉంటుందట. దాన్ని మార్చే శక్తి ఈ పిల్ల ఒంటికి పుట్టుకతోనే లేదట. అది మారితేనే చర్మానికీ జుట్టుకీ రంగు వస్తుందట. మారనిది రక్తంలో పేరుకుని మెదడుని పాడుచేస్తుందట. ఆ ఎలకల వాసన కూడా దానిదే. తల్లి నుంచి ఒక చెడ్డ జన్యువు, తండ్రి నుంచి ఒక చెడ్డ జన్యువు, రెండూ కలిసి వస్తేనే ఈ జబ్బు. ఒక్కటే ఉన్నవాళ్ళు మనందరిలాగే తిరుగుతారు, వాళ్ళకి జన్మలో తెలియదు.

"ఇంతవరకూ జరిగిన నష్టంలో కొంత పూడుతుంది, కొంత పూడదు" అంది. "కానీ ఇక మీదట మెదడు ఎంత నిలుస్తుందన్నది మీరు పెట్టే ప్రతి ముద్ద మీదా ఆధారపడి ఉంటుంది. పాలు, పెరుగు, పప్పు, చేపలు, మాంసం, గుడ్లు పూర్తిగా బంద్. అన్నం కూడా తూకం వేసే పెట్టాలి."

సుజాత ఏడుస్తోంది. అల్లుడు గోడకేసి చూస్తున్నాడు. వదిన అడిగింది. "అయితే మా నాయనమ్మకి కూడా జబ్బేనంటారా?"

"ఆవిడ సంగతి నాకు తెలియదండీ" అంది డాక్టరమ్మ.

లిఫ్టులో దిగుతుండగా వదిన నా చెవిలో, "ఆవిడ రంగు చూశావా? ఇంచుమించు నీ రంగే. తెల్లపిల్లని చూస్తే కడుపుమంట, అందుకే అలా అంటోంది" అంది.

సుజాత వాళ్ళింట్లోకి చిన్న తూకం యంత్రం వచ్చింది. ఎక్కడో దూరం నుంచి తెప్పించిన పాలపొడి డబ్బాలు వచ్చాయి. ఆ పొడి కలిపితే వచ్చే వాసనకి నాకే డోకొచ్చేది. చిన్ని ముఖం చిట్లించుకునే తాగేది. సుజాత అన్నం గ్రాముల్లో తూచి, సొరకాయో దోసకాయో కలిపి, నెయ్యి వేసి పెట్టేది. వదిన వంటగది గుమ్మంలో నిలబడి చూసేది.

"తిండి తూచి పెట్టే కొంప ఎక్కడన్నా ఉందా? అది బంగారమా, అన్నమా? మెదడు పెరగాలంటే చేప పెట్టాలి. మా తమ్ముడికి మా అమ్మ చేప తలకాయలు పెట్టి పెంచింది. వాడు గవర్నమెంటు ఉద్యోగం చేశాడు."

రెండు నెలలకి చిన్ని కూర్చుంది. పిలిస్తే తిరిగి చూసింది. సుజాత ఫోన్లో నాకు చెబుతూ ఏడ్చేసింది. నెల నెలా పిల్ల మడమ మీద గుచ్చి, కాగితం మీద రక్తపు చుక్కలు పట్టి పంపేవాళ్ళం. మూడో నెల ఆ చుక్కల్లో విషం పెరిగిందని ఫోను వచ్చింది. నాలుగో నెల ఇంకా పెరిగింది. పిల్ల మళ్ళీ మందంగా అయింది. రాత్రీ పగలూ ఒకటే ఏడుపు. సుజాత తూకం యంత్రం మార్చింది, గిన్నెలు మార్చింది. "అమ్మా, నేనెక్కడ తప్పు చేస్తున్నాను?" అని నన్నడిగింది.

ఒకరోజు మధ్యాహ్నం నేను చెప్పకుండా వెళ్ళాను. సుజాత స్నానానికి వెళ్ళింది. బాల్కనీలో ఆరేసిన చీరల వెనక వదిన కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది. కాళ్ళ మీద చిన్ని. పక్కన గిన్నెలో కొరమేను పులుసు కలిపిన అన్నం, ఇంకో గిన్నెలో గడ్డ పెరుగు. ముళ్ళు తీసి, మెత్తగా మెదిపి, చిన్న చిన్న ముద్దలు చేసి పెడుతోంది. అంత శ్రద్ధగా ఆవిడ ఏ పనీ చెయ్యగా నేను చూడలేదు.

"వదినా! ఏం చేస్తున్నారు మీరు?"

"కనపడట్లా? నోరు కట్టేసి చంపుతున్నారు పిల్లని. నేను బతికిస్తున్నాను."

"డాక్టరమ్మ చెప్పింది మీరూ విన్నారు కదా!"

"విన్నాను. తల్లి నుంచి వచ్చిందని చెప్పింది. మీ వైపు నుంచి వచ్చిన దరిద్రాన్ని నా చేత్తో కడుగుతున్నాను. అడ్డం రాకు."

గిన్నె లాక్కున్నాను. ఆవిడ అరిచింది. అల్లుడు ఆఫీసు నుంచి వచ్చి, "అమ్మా, నీకు దణ్ణం పెడతాను, మానెయ్" అన్నాడు. "మనవరాలికి ముద్ద పెట్టుకునే రాత కూడా లేదా నాకు?" అని ఆవిడ ఏడ్చింది. మానేస్తానంది. మర్నాడు పెరుగు, ఆ మర్నాడు పప్పు. ఆవిడకి పిల్ల మీద ప్రేమ లేదని నేననను. ప్రేమ కొండంత ఉంది. ఆ జబ్బు నాదని నమ్మినంతకాలం, దాని మీద గెలవకుండా ఆవిడ ఊరుకోదు. నడుమ పిల్ల బుర్ర నలిగిపోతోంది.

తర్వాతి నెల డాక్టరమ్మ సుజాతతో, "మీ కుటుంబంలో ఇంకా మేనరికాలు చేసుకుంటున్నారు కదా, పెద్దవాళ్ళ రక్తం కూడా చూస్తే ముందు ముందు పనికొస్తుంది" అంది. వదిన వస్తుందని మేమెవరం అనుకోలేదు. అందరికంటే ముందు తయారై కూర్చుంది. ఆస్పత్రిలో జాకెట్టు చెయ్యి పైకి మడిచి, "ముందు నాది తియ్యమ్మా. మచ్చ ఎవరిదో తేలిపోవాలి" అంది.

తేలింది. రిపోర్టు సుజాత ఫోనుకి వచ్చింది. అప్పుడు వంటగదిలో నేనూ సుజాతే ఉన్నాం.

"అత్తయ్యలో ఒకటుందట. ఆయనకి అత్తయ్య నుంచే వచ్చింది." సుజాత ఆగింది. "నీలోనూ ఒకటుందమ్మా. నాది నీ నుంచే."

ఒకటి ఆవిడది, ఒకటి నాది. పంపకం అంటే అదీ. మా వదిన జన్మలో అంత సమంగా ఏదీ పంచలేదు.

"నా సంగతి ఆవిడకి చెప్పొద్దు" అన్నాను.

"అబద్ధం చెప్పమంటావా?"

"నాలో ఉందని తెలిసిందా, తనలో ఉన్నది ఆవిడ ఆ నిమిషమే మర్చిపోతుంది. రేపు మళ్ళీ కొరమేను తెస్తుంది."

సుజాత తలూపింది.

హాల్లో వదిన ముందు కూర్చుని నేనే చెప్పాను. "రెండూ మీ పుట్టింటి నుంచే వచ్చాయట వదినా. ఒకటి మీ నుంచి మీ అబ్బాయికి. ఒకటి మీ తమ్ముడి నుంచి సుజాతకి." మా ఆయన పోయి అప్పటికి నాలుగేళ్ళు. ఆయన వచ్చి కాదనేది లేదు.

"మరి నీలో?"

"నాలో ఏమీ లేదట."

"సరిగ్గా చూడవే సుజాతా."

"చూశానత్తయ్యా, అంతే" అంది సుజాత నేల చూస్తూ.

వదిన గదిలోకి వెళ్ళిపోయింది. రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. మాట్లాడకుండా ఆవిడ ఉండగలదని మాకప్పుడే తెలిసింది. మూడో రోజు పొద్దున్నే తలస్నానం చేసి వంటగదిలోకి వచ్చింది. సుజాతని పక్కకి జరగమని, తూకం యంత్రం తన ముందుకు లాక్కుంది. "ఎన్ని గ్రాములు?" అంది.

అక్కడ్నుంచి చూడాలి మా వదిన వైభవం. ఆ తూకం యంత్రం మీద ఇంకెవరూ చెయ్యి వెయ్యడానికి లేదు. రెండు మెతుకులు ఎక్కువైతే పట్టకారుతో తీసేది. చుట్టాలు వస్తే వాళ్ళ సంచులు తడిమి చూసేది. చుక్కల కాగితం తనే పట్టుకుని ఆస్పత్రికి వెళ్ళేది. విషం దిగడం మొదలైంది. గన్నవరంలో ఒక పెళ్ళికి వెళ్ళాం. బంతిలో చిన్నిని తన పక్కనే కూర్చోబెట్టుకుని, విస్తరి చుట్టూ చెయ్యి అడ్డం పెట్టి కాపలా కాసింది. ఒకావిడ జాలిగా, "పాపం, పసిదాని నోరు కొట్టకండి, ఒక్క లడ్డూకే ఏమవుతుంది?" అంది.

"మీకలాగే ఉంటుందమ్మా. ఇది అందరికీ వచ్చే జబ్బు కాదు" అంది వదిన. "సుగరంటారా, రోడ్డున పోయే ప్రతివాడికీ ఉంది. ఇది రావాలంటే రెండు వైపులా మా పుట్టింటి రక్తమే ఉండాలి. డాక్టరమ్మే ఆశ్చర్యపోయింది."

ఆ లడ్డూ ఆవిడ నిజంగానే కొంచెం కుంచించుకుపోయింది, తన పిల్లలకి మామూలు జబ్బులే ఉన్నందుకు. నేను పక్క విస్తరి ముందు కూర్చుని నా సగం జబ్బుతో నోరు మూసుకుని భోంచేశాను.

చిన్ని పూర్తిగా బాగుపడిందని అబద్ధం చెప్పను. రెండున్నరేళ్ళకి నడిచింది. నాలుగేళ్ళకి మాటలు వచ్చాయి, అవీ తడబడుతూ, సగం సగం. ఇప్పుడు రెండో తరగతి. కూడికలు చేస్తుంది, తీసివేతలంటే ఏడుస్తుంది. ఒక వాక్యం మొదలుపెడితే నడుమ ఎక్కడో దారి తప్పుతుంది. జుట్టు మాత్రం నల్లబడింది, ఒళ్ళు చామనఛాయకి వచ్చింది. రంగు ముదిరినకొద్దీ మేం సంతోషించాం. పిల్ల నల్లబడుతోందని సంతోషించిన ఇల్లు మా జిల్లా మొత్తానికి మాదొక్కటే అయి ఉంటుంది.

నిరుడు వదినకి ఆ అత్తగారింటి తిండి వల్ల వచ్చిన సుగరే మూత్రపిండాల మీదికి వచ్చింది. మంచం పట్టింది. ఒక మధ్యాహ్నం అందర్నీ బయటికి పొమ్మని, నన్ను మంచం మీద కూర్చోమంది. నా చెయ్యి పట్టుకుంది. ఎవరి చేతి రంగు ఎంతో చూసుకునే ఓపిక ఆవిడకి లేదు.

"అబద్ధం చెప్పకు. రెండూ మా ఇంటి నుంచేనా?"

నేను ఆవిడ దుప్పటి సర్దాను.

"నా సంగతి సరే. మా తమ్ముడు కూడానా? ఆ పిల్ల తీసివేతలు రాక ఏడుస్తుంటే చూడలేకపోతున్నానే. మొత్తం మా ఇల్లే తగలబెట్టిందా దాన్ని? పైకెళ్ళి మా నాన్నకి ఏం చెప్పను?"

అయిదేళ్ళ పాటు ఆవిడ పెళ్ళిళ్ళలో గొప్పగా ఊరేగించింది ఈ బాధనేనని నాకప్పుడు తెలిసింది. ఆవిడ కళ్ళు నిండి ఉన్నాయి. ఇంత జరిగాక కూడా దాచితే నా అంత పాపిష్టిది ఉండదనిపించింది.

"ఒకటే మీది వదినా. సుజాతకి వచ్చింది నా నుంచి. మీ తమ్ముడికి సంబంధం లేదు. చిన్నికి మీరు చేపలు పెట్టడం మానాలని అలా చెప్పాను. నన్ను క్షమించండి."

నా చెయ్యి నొక్కుతుందనుకున్నాను. ఇద్దరం ఏడుస్తామనుకున్నాను. ముందు ఆవిడ ముఖంలోకి రక్తం వచ్చింది. తర్వాత, వారం రోజులుగా లేవని మనిషి మోచెయ్యి ఆనించి లేచి కూర్చుంది.

"నేననుకుంటూనే ఉన్నాను!" అంది. "ఒరే అబ్బాయ్! సుజాతా! ఇటు రండి, వినండి. మా తమ్ముడిది కాదట! ఇదిగో, ఈ మహాతల్లిదట. ఇన్నేళ్ళు కడుపులో దాచుకుంది!"

ఆ పూట అడిగి మరీ రెండు ఇడ్లీలు తింది. తర్వాత నాలుగు రోజులు చూడ్డానికి వచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పింది. మొదటిరోజు "సగం దీని నుంచి" అనేది. రెండో రోజుకి సగం పోయింది. మూడో రోజుకి తనలో ఒకటుందన్న సంగతే ఆవిడకి గుర్తు లేదు. వాళ్ళ నాన్నలాగే పట్టించుకోవడం మానేసిందనుకుంటాను. అయిదో రోజు తెల్లవారుజామున తేలిక మనసుతో పోయింది.

పెద్దకర్మ నాడు ముసలి చుట్టం ఒకావిడ నా భుజం మీద చెయ్యి వేసి, "నువ్వు మాత్రం ఏం చేస్తావులే అమ్మాయ్, నీ రక్తమే అలాంటిది" అని ఓదార్చింది. అప్పుడే ఎదురు బంతిలో వడ్డించేవాడు చిన్ని విస్తరిలో గారె వెయ్యబోయాడు. నేను లేచేలోపే చిన్ని రెండు చేతులూ విస్తరి మీద పరిచింది.

"నాకు గారె వద్దు మామయ్యా, పడదు. మొన్నటిదాకా ఇది మా నానమ్మ జబ్బు, ఇప్పుడు మా అమ్మమ్మది" అంది.

అంత పొడుగు మాట దాని నోటి నుంచి ఎక్కడా ఆగకుండా రావడం అదే మొదటిసారి.